ఆన్‌లైన్ వేలం జాబితాలలో సరుకు వెదకడం: ప్రోగ్రాముకు మాటలు నేర్పవలసింది వర్తకుడే

(మా వాణిజ్య విలేఖరి)

తిరుపతి: తలనీలాల వ్యాపారంలో వున్నవారికి వేలమంటే ఒకప్పుడు తిరుపతికి రావడం, సరుకు చేతితో పట్టి చూడడం, టెండరు వేయడం. 2011లో తిరుమల తిరుపతి దేవస్థానం ఈ అమ్మకాన్ని ఆన్‌లైన్ వేలానికి మార్చిన తర్వాత ఆ పద్ధతి పోయింది. పోటీదారు ఎదుట కనిపించడు. చెన్నైలో వున్నాడో, కలకత్తాలో వున్నాడో తెలియదు. పాట మొదలుకాక ముందే ఇంకొక పోటీ మొదలవుతున్నది. ఏ లాటు ఎప్పుడు వస్తున్నదో ముందుగా చూసినవాడెవరు అన్నదే ఆ పోటీ. జాబితా చూడనివాడు పాటలో లేనట్లే.

తలనీలాలు ఒక్కటే కాదు. కానుకగా వచ్చిన వస్త్రాలు, గడియారాలు, సెల్‌ఫోన్ల వంటివి రాష్ట్ర ప్రభుత్వపు 'కొనుగోలు' వెబ్‌సైటు ద్వారా వేలానికి వచ్చాయి. అటవీశాఖ పట్టుకున్న ఎర్రచందనం 2014 నుంచి ఎం.ఎస్.టి.సి. వేదిక మీద వేలమయింది. విదేశాలలో తయారైన సరుకు ఏ ధరకు చూపుతున్నారో తెలుసుకోదలచినవారు ఈబే వంటి అమెరికా వేలం సైట్లు చూడవలసి వున్నది. ఇన్ని జాబితాలను ప్రతి ఉదయం గుమాస్తా ఒక్కొక్కటిగా తెరిచి చూడడం కష్టమే. అందువల్ల "ఒక ప్రోగ్రాము రాయించుకుంటే పోదా?" అన్న ఆలోచన రావడం సహజం.

రాయించుకోవచ్చు. ఖర్చు కూడా పెద్దగా లేదు. అయితే అటువంటి ప్రోగ్రాము ఎట్లా పనిచేస్తుందో, ఎక్కడ మోసపోతుందో వర్తకుడికి తెలియకపోతే లాభం కన్నా నష్టమే ఎక్కువ. ప్రోగ్రాము తప్పు చేసినప్పుడు గుమాస్తా మాదిరిగా తల గోక్కోదు. ఏమీ దొరకలేదని చెప్పి వూరుకుంటుంది. వర్తకుడు మార్కెట్లో సరుకు లేదనుకుంటాడు.

లైబ్రరీ అంటే ఏమిటి?

కంప్యూటరు వారు 'లైబ్రరీ' అనేది పుస్తకాల గది కాదు. ఎవరో ముందే రాసి, సరిచూసి, అందరి వాడకానికి పెట్టిన పనిముట్ల పెట్టె. పైథాన్ అనే ప్రోగ్రాము భాషలో ఇటువంటివి వేల సంఖ్యలో వున్నాయి. 'రిక్వెస్ట్స్' అనే లైబ్రరీ వెబ్‌సైటుకు ప్రశ్న పంపి జవాబు తెస్తుంది. 'బ్యూటిఫుల్ సూప్' అనేది వెబ్‌పేజీలో పట్టికను విడదీసి గళ్లు గళ్లుగా ఇస్తుంది. ఈ రెండింటికీ రుసుము లేదు. కాలేజీలో కంప్యూటరు చదివే కుర్రవాడు వీటితో చిన్న ప్రోగ్రాము కొద్ది రోజులలో రాయగలడు.

కొన్ని సంస్థలు తమ జాబితాను ప్రోగ్రాములు చదువుకునేందుకు ప్రత్యేకంగా ఒక ద్వారం తెరుస్తాయి. దానిని 'ఏపీఐ' అంటారు. అంగడి ముందు వైపు జనం కోసం, పక్క గుమ్మం దలారీల కోసం అన్నట్లు. పక్క గుమ్మంలోకి వెళ్లాలంటే ముందు పేరు నమోదు చేసుకుని తాళం తీసుకోవాలి. అడగవలసిన తీరు రాసిపెట్టి వుంటుంది. జవాబులో బొమ్మలు, ప్రకటనలు వుండవు. సరుకు పేరు, ధర, గడువు వేరువేరు గళ్లలో వస్తాయి. ఈబే సంస్థకు ఇటువంటి ద్వారం వున్నది. అందువల్ల ముందుగా దానినే ఉదాహరణగా తీసుకుందాము.

అడిగే తీరులోనే తిరకాసు

ఈబే 1995లో వేలం సైటుగానే పుట్టింది. 2004లో బాజీ డాట్ కామ్‌ను కొని మన దేశంలో కూడా నడిచింది. 2018లో ఈబే ఇండియా మూతపడింది. విదేశీ సైట్లు మాత్రం యథావిధిగా నడుస్తున్నాయి. తయారైన జడలు, విగ్గులు అక్కడ చిల్లరగా అమ్ముడవుతాయి. కాబట్టి మన సరుకు చివరి మజిలీలో ఏ పేరుతో, ఏ ధరకు చూపబడుతున్నదో తెలుసుకోవడానికి అది ఒక కిటికీ.

అక్కడ వెదికే ద్వారానికి ఇప్పుడు 'బ్రౌజ్ ఏపీఐ' అని పేరు. ఒక్కసారి అడిగితే 200 వస్తువుల దాకా ఇస్తుంది. మామూలుగా రోజుకు 5,000 సార్లు అడగనిస్తుంది. ప్రవేశానికి ఇచ్చే చీటీ 2 గంటలకు చెల్లిపోతుంది. మళ్లీ కొత్త చీటీ తెచ్చుకోవాలి.

ఇక్కడ మొదటి పొరపాటు జరుగుతుంది. ప్రత్యేకంగా చెప్పకపోతే ఈ ద్వారం నిర్ణీత ధరకు అమ్మే వస్తువులను మాత్రమే చూపుతుంది. వేలంలో వున్నవి రావు. 'వేలం వస్తువులు కావాలి' అని వడపోత పెట్టి అడగాలి. ఈ ఒక్క మాట తెలియక రాసిన ప్రోగ్రాము ఎన్నాళ్లు నడిచినా వేలం లాటు ఒక్కటీ చూపదు. అయినా జాబితా నిండుగానే వుంటుంది గనుక ఎవరికీ అనుమానం రాదు.

రెండవది లెక్క. నాలుగు పేర్లతో నిమిషానికొకసారి వెదకమని పెడితే, పేరుకు 1,440 చొప్పున రోజుకు 5,760 ప్రశ్నలవుతాయి. పరిమితి 5,000. రోజు పూర్తి కాకముందే సుమారు మూడు గంటలపాటు ప్రోగ్రాము గుడ్డిది. అయిదు నిమిషాలకొకసారి అడిగితే 1,152 ప్రశ్నలు మాత్రమే అవుతాయి. మన పనికి అది చాలు.

మూడవది పాతబడిన లైబ్రరీ. ఈబేకు ఇంతకు ముందు 'ఫైండింగ్ ఏపీఐ' అనే ద్వారం వుండేది. అనేక లైబ్రరీలు, పాఠాలు దాని ఆధారంగా రాసినవే. ఆ ద్వారాన్ని 2025 ఫిబ్రవరిలో మూసివేశారు. పుస్తకాలలో, ఇంటర్నెట్టులో ఆ పాత పాఠాలు ఇంకా కనిపిస్తూనే వున్నాయి. ఎవరైనా ప్రోగ్రాము అమ్మజూపితే, అది ఏ ద్వారం గుండా వెళుతున్నదని మొదట అడగాలి.

పేరు తప్పితే సరుకు తప్పుతుంది

వర్తకుడు శ్రద్ధ పెట్టవలసిన చోటు ఇది. ప్రోగ్రాము అర్థాన్ని వెదకదు. అక్షరాలను వెదుకుతుంది.

తలనీలాలు తిరుపతి వేలంలో పొడవును బట్టి రకాలుగా వస్తాయి. గత వేలాలలో 31 అంగుళాలు, ఆపైన వున్నది మొదటి రకంగా వచ్చింది. 16 నుంచి 30 వరకు రెండవది, 10 నుంచి 15 వరకు మూడవది, 5 నుంచి 9 వరకు నాల్గవది, 5 అంగుళాల లోపు అయిదవది. తెల్లవెంట్రుకలు వేరు. మొదటి రకం కిలో ధర వేల రూపాయలలో వుంటే చిట్టచివరి రకం పదుల రూపాయలలో అమ్మిన సందర్భాలున్నాయి. ఈ రకాలన్నిటికీ 'తలనీలాలు' అన్న పేరు ఒక్కటే. కాబట్టి ఆ ఒక్క మాటతో వెదికి, వచ్చిన ధరలన్నీ కూడి సగటు తీసేవాడికి వచ్చే అంకె ఏ రకానికీ వర్తించదు.

ఇక విదేశీ జాబితాలలో 'తిరుపతి' అనో, 'ఇండియన్' అనో వెదికితే మన సరుకంతా దొరుకుతుందనుకోవడం భ్రమ. అక్కడ 'బ్రెజిలియన్', 'పెరూవియన్', 'మలేషియన్' అన్న పేర్లు ఎక్కువగా కనిపిస్తాయి. అవి చాలావరకు నాణ్యానికి, వంపుకు పెట్టుకున్న వ్యాపారపు పేర్లు. సరుకు పుట్టిన దేశాన్ని ఖచ్చితంగా చెప్పేవి కావు. 2004లో కొందరు యూదు మతగురువులు భారతీయ ఆలయాల వెంట్రుకలతో చేసిన విగ్గులు వాడరాదని ప్రకటించినప్పుడు, లేబులు మీద పుట్టుక గురించి ఏమని రాశారన్నది ఎంత పెద్ద ప్రశ్న అయిందో ఈ వ్యాపారంలో పాతవారికి గుర్తుండే వుంటుంది. లేబులు వేరు, సరుకు వేరు అన్న సంగతి వారికి కొత్త కాదు. ప్రోగ్రాముకు మాత్రం ఎవరో చెప్పాలి.

దేశం పేరు కన్నా పనితనం పేరు నమ్మదగినది. 'రెమీ' అంటే వెంట్రుక మొదలు, చివర తారుమారు కాకుండా ఒకే వరుసలో వున్న సరుకు. 'సింగిల్ డ్రాన్', 'డబుల్ డ్రాన్' అంటే పొట్టి వెంట్రుకలు ఎంతవరకు ఏరివేశారన్నది. ఈ మాటలతో, పొడవు అంకెతో కలిపి వెదికితే ఫలితం దగ్గరగా వస్తుంది. ఒకే మాటతో వెదకవద్దు. పది మాటల పట్టీ రాసి ప్రోగ్రాముకు ఇవ్వాలి. ఆ పట్టీ రాయగలిగినవాడు కంప్యూటరు కుర్రవాడు కాదు, ఇరవై ఏళ్లుగా సరుకు ఏరిన మేస్త్రీ.

ఎర్రచందనం విషయంలో ఈ చిక్కు ఇంకా ఎక్కువ. శేషాచలం కొండలలో పెరిగే ఈ చెట్టుకు ఎర్రచందనం, రక్తచందనం, లాల్ చందన్, రెడ్ శాండర్స్, రెడ్ శాండల్‌వుడ్ అని అనేక పేర్లు. 'శాండల్‌వుడ్' అని వెదికితే శ్రీగంధం కూడా వస్తుంది. అది వేరే చెట్టు. మాటను కుదించి 'శాండల్' అని వెదికితే చెప్పులు కూడా వస్తాయి. 'టెరోకార్పస్ శాంటలైనస్' అనే శాస్త్రీయ నామం తోడు చేరిస్తే తప్పు సరుకు చాలావరకు తొలగిపోతుంది. అయితే ఈ చెట్టు 1995 నుంచి సైట్స్ అనే అంతర్జాతీయ ఒప్పందపు రెండవ అనుబంధంలో వున్నది. విదేశీ సైట్లలో ఎవరో పెట్టిన దుంగ ధరను చూసి ఇక్కడ లెక్క కట్టడం తెలివైన పని కాదు. అనుమతి లేని సరుకు ధర వ్యాపారానికి ఆధారం కాజాలదు. ప్రభుత్వపు వేలం, అటవీశాఖ పత్రాలు, ఎగుమతి అనుమతి, ఇవే దారి.

తూకం, పొడవు, గడియారం

పేరు కుదిరిన తర్వాత తూకం చూడాలి. మనకు వేలంలో కిలోల లెక్క. విదేశీ చిల్లర జాబితాలో 'బండిల్' లెక్క. బండిల్ అంటే సాధారణంగా 100 గ్రాములని చెప్పుకుంటారు గాని అందరూ అంత తూచరు. ఊహకు ఒక లెక్క చూద్దాము. ఒక ప్రకటనలో 22 అంగుళాల జడలు 3 బండిల్స్, మొత్తం 300 గ్రాములు, 180 డాలర్లు. మరొక దానిలో అవే 22 అంగుళాలు, 3 బండిల్సే, కాని మొత్తం 150 గ్రాములు, 120 డాలర్లు. ధరల వరుసలో పెట్టమంటే ప్రోగ్రాము రెండవదాన్ని చవక అంటుంది. కిలోకు కడితే మొదటిది 600 డాలర్లు, రెండవది 800 డాలర్లు. చవక అనుకున్నదే ప్రియం.

అందువల్ల ధరలను వరుసలో పెట్టకముందే అన్నిటినీ కిలోకు మార్చమని ప్రోగ్రాముకు చెప్పాలి. తూకం రాయని ప్రకటనను లెక్కలో చేర్చకుండా వేరే పెట్టమనాలి. ఆ కిలో 600 డాలర్లు కుట్టి, కడిగి, రంగు సరిచేసి, పెట్టెలో పెట్టిన చిల్లర సరుకు ధర. అందులో తరుగు, కూలి, రవాణా, సైటు కమీషను, సుంకం అన్నీ వున్నాయి. దానిని తిరుపతి వేలంలో ముడి సరుకు ధర పక్కన పెట్టి "ఇంత తేడా వున్నదే!" అని పాట పెంచినవాడు తర్వాత విచారించవలసి వస్తుంది.

తేదీ కూడా మోసం చేస్తుంది. ఈబే ద్వారం గడువును అంతర్జాతీయ ప్రామాణిక కాలంలో ఇస్తుంది. మన గడియారం దానికన్నా 5 గంటల 30 నిమిషాలు ముందు. జాబితాలో గడువు 10వ తేదీ 20 గంటలని వుంటే మనకు అది 11వ తేదీ తెల్లవారుజామున 1.30. తేదీయే మారిపోయింది. పైగా ఈబేలో గడువు నిమిషం రాగానే వేలం ముగుస్తుంది. మన దేశపు ఈ-వేలాలలో చివరి నిమిషాన కొత్త పాట వస్తే గడువు కొన్ని నిమిషాలు పొడిగించే ఏర్పాటు తరచు వుంటుంది. ఒక చోటి అలవాటు మరొక చోట పనికిరాదు.

చూపే ధర అమ్మిన ధర కాదు

బజారులో దీనిని ప్రత్యేకంగా చెప్పనక్కరలేదు. చెప్పిన ధర వేరు, కుదిరిన ధర వేరు. కాని కంప్యూటరు తెర మీద అంకె కనిపించేసరికి పాతవారు కూడా ఈ సంగతి మరచిపోతున్నారు.

వేలంలో వున్న వస్తువుకు ద్వారం ఇచ్చే అంకె అప్పటికి వచ్చిన పాట మాత్రమే. అమ్మకందారులు ఒక డాలరు లోపు ప్రారంభ ధర పెట్టడం అక్కడ మామూలు. పాటగాళ్లలో చాలామంది చివరి నిమిషం దాకా బయటపడరు. మూడు రోజుల ముందు చూసిన అంకెను మార్కెట్ ధరగా రాసుకుంటే అంతకన్నా పొరపాటు లేదు. నిర్ణీత ధర ప్రకటనలో వున్నది అమ్మేవాడి కోరిక. ఆరు నెలలుగా అమ్ముడుపోని సరుకు కూడా అదే జాబితాలో నిలిచి వుంటుంది.

అమ్ముడైన ధరలు తెలిపే ద్వారం ఒకప్పుడు అందరికీ తెరిచి వుండేది. దానిని 2020లో మూశారు. ఇప్పుడు ఆ సమాచారపు ద్వారం సంస్థ ఎంపిక చేసినవారికే పరిమితం. అయితే సైటులో 'అమ్ముడైనవి' అన్న వడపోత పెట్టుకుని కంటితో చూసే వీలు సామాన్యుడికి కూడా వున్నది. కాబట్టి ప్రోగ్రాము జాబితా తయారుచేసిన తర్వాత, వారానికొకసారి అయినా మనిషి కూర్చుని అమ్ముడైన ధరలు పుస్తకంలో రాసుకోవాలి.

మన వేలాల సంగతి

1964లో ఇనుప తుక్కు వ్యాపారానికి ఏర్పడిన ఎం.ఎస్.టి.సి. ఇప్పుడు అనేక ప్రభుత్వ సంస్థల సరుకుకు ఈ-వేలం నడిపే కేంద్ర ప్రభుత్వ సంస్థ. ఇటువంటి వేలాలలో వెదకడం కన్నా పాల్గొనడమే పెద్ద పని. ముందుగా నమోదు, తర్వాత ధరావతు, ఆ తర్వాత సరుకు తనిఖీ. ధరావతు గడువు వేలం తేదీ కన్నా ముందే వుంటుంది. ప్రోగ్రాము వేలం తేదీని మాత్రమే పట్టుకుని ఆ రోజు ఉదయం కబురు చెబితే ఆ కబురు దేనికీ పనికిరాదు. కాబట్టి ప్రోగ్రాము వెదకవలసిన మొదటి తేదీ ధరావతు గడువు.

ఏపీఐ లేని సైట్లలో, పేజీని మామూలుగా తెరిచి పట్టికను చదివే లైబ్రరీని వాడతారు. ఇందులో రెండు జాగ్రత్తలున్నాయి. మొదటిది, ఆ సైటు నిబంధనలు దీనిని ఒప్పుకుంటాయో లేదో చదువుకోవాలి. క్షణక్షణానికి పేజీ తెరిచి సైటు మీద భారం వేయరాదు. నిషేధం వున్నచోట మామూలు గుమాస్తాయే మేలు. లాగిన్ పేరు రద్దయితే పాడవలసిన పాట కూడా పోతుంది. రెండవది, సైటువారు పట్టికలో ఒక గడి ముందుకు జరిపినా ప్రోగ్రాము ధర వున్నచోట తూకం, తూకం వున్నచోట తేదీ చదువుతుంది. చదివినది సరిగా వుందా అని రోజూ ఒక లాటును చేతితో సరిచూసుకోవాలి.

తెలుగు ప్రకటనలలో ఇంకొక చిక్కు వున్నది. అనేక ప్రకటనలు పీడీఎఫ్ కాగితాలుగా వస్తాయి. స్కాన్ చేసినదైతే అది ఫోటోయే. అందులో అక్షరాలు లేవు గనుక వెదకడానికి ఏమీ వుండదు. 'అను' ఫాంట్లతో టైపు చేసిన కాగితమైతే కంటికి చక్కని తెలుగుగా కనిపిస్తుంది గాని లోపల వున్నవి ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు. 'తలనీలాలు' అని వెదికితే దొరకదు. యూనికోడ్‌లో టైపు చేసినదే సక్రమంగా దొరుకుతుంది. ప్రకటన శీర్షికను మాత్రమే వెదికి, జతచేసిన కాగితాన్ని వదిలేసే ప్రోగ్రాములు మరీ ప్రమాదకరం. లాటు వివరాలన్నీ ఆ కాగితంలోనే వుంటాయి.

ఆ కాగితంలో చదవవలసినవి మరికొన్ని. 'వున్నది వున్నట్లు, వున్నచోటనే' అన్న షరతు వుంటే తర్వాత తగాదాకు తావు లేదు. 'ఆమోదానికి లోబడి' అని వుంటే, పాట మీ పేర నిలిచినా అమ్మకందారు ఒప్పుకునేదాకా సరుకు మీది కాదు, ధరావతు మాత్రం చిక్కుకుని వుంటుంది. పన్నులు ధరలో కలిసి వున్నవా, అదనమా అన్నది మరొకటి. ఇవేవీ ప్రోగ్రాము చూపే గళ్లలో వుండవు.

చిత్తూరు దొరకని చిత్తూరు

పేరు విషయంలో మన జిల్లావారికే ఒక మంచి ఉదాహరణ వున్నది. మార్కెట్ యార్డుల రోజువారీ ధరలను కేంద్ర ప్రభుత్వం ఆగ్‌మార్క్‌నెట్ ద్వారా సేకరించి, డేటా డాట్ గవ్ డాట్ ఇన్ సైటులో ఏపీఐగా కూడా ఇస్తున్నది. రాష్ట్రం, జిల్లా, యార్డు, సరుకు, రకం, తేదీ, కనిష్ట, గరిష్ట, ఎక్కువగా నడిచిన ధర, అన్నీ గళ్లలో వస్తాయి. ధర క్వింటాలుకు. ప్రోగ్రాములు నేర్చుకోదలచినవారికి ఇంతకన్నా మంచి బడి లేదు.

అయితే ఈ పట్టికలలో చిత్తూరు జిల్లా పేరు ఇంగ్లీషులో రెండు 'ఓ'లకు బదులు ఒక్క 'ఓ'తో కనిపిస్తుంది. రెండు 'ఓ'లతో వెదికితే జిల్లా లేనట్లే. పోనీ ఒక్క 'ఓ'తో, పేరులో కొంత భాగం చాలునని వెదికితే రాజస్థాన్‌లోని చిత్తోర్‌గఢ్ కూడా వచ్చి చేరుతుంది. రాష్ట్రం గడిని కూడా కలిపి అడగాలి. అట్లాగే చిత్తూరు బెల్లం ధర కావాలని 'జాగరీ' అన్న మాటతో సరిగ్గా అంతే వుండాలని వెదికితే రాదు. అక్కడ 'గుర్' అని రాసి, జాగరీ అన్నది దాని పక్కన చేర్చారు.

జిల్లాల మార్పు ఇంకొకటి. 2022 ఏప్రిల్‌లో తిరుపతి జిల్లా వేరుగా ఏర్పడింది. మదనపల్లె అప్పుడే అన్నమయ్య జిల్లాలోకి వెళ్లింది. మదనపల్లె టమేటా పదేళ్ల ధరలు కావాలని ఒక్క జిల్లా పేరుతోనే వెదికేవాడికి అన్ని ఏళ్లూ చేతికి రాకపోవచ్చు. యార్డు పేరుతో వెదికితే ఈ బాధ తక్కువ. బెల్లం, టమేటా వ్యాపారులు దీనిని గుర్తుంచుకోవడం మంచిది.

ఎవరికి లాభం?

పెద్ద ఎగుమతిదారులకు జాబితాలు చూడడానికి మనుషులున్నారు. ఈ సాధనం అవసరం వారికన్నా చిన్న వర్తకుడికే ఎక్కువ. నాల్గవ రకం, అయిదవ రకం కొని ఏరుకుని బతికేవాడు ఒక్క లాటు చూడకపోతే ఆ నెల కూలీలకు పని చూపలేడు. ఉచితంగా దొరికే లైబ్రరీ, ఒక పాత కంప్యూటరు, పది మాటల పట్టీ వుంటే సమాచారంలో అతడు పెద్దవారితో సమానంగా నిలబడగలడు. డబ్బులో కాకపోయినా వేళకు తెలియడంలో సమానమే.

అయితే అదే చిన్న వర్తకుడికి తప్పు లెక్క తట్టుకునే శక్తి కూడా తక్కువ. తెర మీది చిల్లర ధరను నమ్మి పాట పెంచి, తర్వాత సరుకు ఎత్తలేక ధరావతు వదులుకుంటే పెట్టుబడిలో పెద్ద ముక్క పోయినట్లే. ఎగుమతి నిబంధనలు కూడా స్థిరంగా లేవు. ముడి వెంట్రుకల ఎగుమతిని 2022 జనవరిలో నియంత్రిత జాబితాలో పెట్టారు. 2024 అక్టోబరులో దానిని మార్చి, కిలోకు ఎఫ్.ఓ.బి. విలువ 65 డాలర్లు, ఆపైన వున్న సరుకుకే స్వేచ్ఛ ఇచ్చారు. అంతకు తక్కువ విలువ గల ముడి సరుకు పాడేవాడు విదేశీ జాబితాలో ఏ ధర చూసినా ప్రయోజనం లేదు. దానిని ఇక్కడే శుద్ధి చేయించగల వీలున్నదా అని ముందు చూసుకోవాలి. పాటకు ముందు అమలులో వున్న ప్రకటనను చూసుకోవడం మరువరాదు.

దలారీలకు దీనివల్ల పని పోతుందన్న భయం అక్కరలేదు. సరుకుకు ఎన్ని పేర్లున్నవో, ఏ పేరు వెనుక ఏ సరుకు వున్నదో, ఏ తూకం నిజమో చెప్పగలిగినవాడు దలారీయే. ఆ తెలివిని పట్టీగా రాసి ప్రోగ్రాముకు ఇచ్చిన దలారీ దగ్గరకు వర్తకులు వస్తారు. ఇవ్వనివాడి ప్రోగ్రాము రోజూ ఖాళీ జాబితా చూపుతుంది.

చివరగా ఒక చిన్న పరీక్ష. ప్రోగ్రాము తయారైన రోజున, మీకు తెలిసిన, నిన్ననే కంటితో చూసిన ఒక లాటును వెదకమనండి. అది దొరికితే రేపటి లాటు కూడా దొరుకుతుందని కొంత నమ్మవచ్చు. అది దొరకకపోతే ఆ ప్రోగ్రాము సరుకు లేదని చెప్పినా నమ్మవద్దు. ఈ పరీక్షను మొదటి రోజుతో ఆపక వారం వారం చేయడం క్షేమం.